దొంగ కాపీలో దాగిన నాతాను

దొంగ ఇంట్లో దొంగలు పడితే అందరికన్నా ముందు పోలీసుస్టేషనుకు పరుగెత్తేది ఆ దొంగేనని మన పెద్దలు నవ్వులాటకు అనేవారు. ఆ నవ్వులాటను ఒక కంప్యూటర్ ఆటగా మార్చి, వేలాదిమంది చేత నిజంగానే ఆడించిన ఉదంతం ఒకటి 2013లో జరిగింది. అది జరిగి పుష్కరం దాటింది. అయినా ఇంటర్నెట్‌లో దొరికే ప్రతిదీ ఉచితమేనని నమ్మే మన కాలానికి అది నేర్పే పాఠం పాతబడలేదు. సెల్‌ఫోన్ లేని ఇల్లు, కంప్యూటర్ ఆటలు తెలియని పిల్లవాడు లేని ఈ రోజుల్లో ప్రతి విశ్వాస కుటుంబమూ ఆ పాఠాన్ని తెలుసుకోవాలి.

పాట్రిక్ క్లూగ్, డేనియల్ క్లూగ్ అన్నదమ్ములు. ఇద్దరూ కలిసి 2012లో 'గ్రీన్‌హార్ట్ గేమ్స్' అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. వారి వెనుక పెద్ద కంపెనీ లేదు, కోట్ల పెట్టుబడి లేదు. ఇలా సొంత కాళ్లమీద నిలబడి ఆటలు తయారుచేసుకునే వారిని ఆ రంగంలో 'ఇండీ డెవలపర్లు' అంటారు. మన భాషలో చెప్పాలంటే సొంత మగ్గం మీద సొంతంగా నేసి, తానే సంతకు మోసుకెళ్లి అమ్ముకునే నేతగాడి లాంటివారు. ఏడాదికి పైగా జీతం కూడా తీసుకోకుండా కష్టపడి వారు తయారుచేసిన తొలి ఆట పేరు 'గేమ్ డెవ్ టైకూన్'. ధర 8 డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. అప్పటి మారకం విలువలో మన డబ్బు సుమారు 430 రూపాయలు.

ఈ ఆటలో తుపాకులు, యుద్ధాలు ఉండవు. ఆడేవాడు ఒక చిన్న గ్యారేజిలో కూర్చుని సొంతంగా కంప్యూటర్ ఆటలు తయారుచేయడం మొదలుపెడతాడు. అవి అమ్ముడుపోతే డబ్బు వస్తుంది, ఉద్యోగులను పెట్టుకుంటాడు, క్రమంగా పెద్ద కంపెనీకి యజమాని అవుతాడు. అమ్ముడుపోకపోతే దివాళా తీస్తాడు. అంటే, ఆటలు తయారుచేసేవాడి బతుకే ఈ ఆట.

2013 ఏప్రిల్ నెలాఖరులో ఆట విడుదలయింది. డబ్బు కట్టకుండా ఆడే దొంగ కాపీ గంటల్లోనే ఇంటర్నెట్‌లోకి వస్తుందని ఆ అన్నదమ్ములకు ముందే తెలుసు. అందుకని వారొక విచిత్రమైన పని చేశారు. దొంగ కాపీలు పంచుకునే టోరెంట్ సైట్లలో తమ ఆట 'క్రాక్' చేసిన కాపీని తామే పెట్టారు. అది చూడడానికి అచ్చంగా అసలుదానిలాగే ఉంటుంది. తేడా ఒక్కటే. కొన్ని గంటలు ఆడి, కంపెనీ కాస్త నిలదొక్కుకుంటోంది అనుకునే సమయానికి తెరమీద ఒక సందేశం కనిపిస్తుంది. మన ఆటను చాలామంది ఆడుతున్నారు గానీ కొనకుండా దొంగ కాపీలు తెచ్చుకుంటున్నారనీ, ఇలాగైతే త్వరలో దివాళా తీస్తామనీ దాని సారాంశం. అక్కడినుండి ఎంత మంచి ఆట తయారుచేసినా డబ్బు రాదు. ఖజానా ఖాళీ అవుతుంది, కంపెనీ మూతపడుతుంది.

మొదటి రోజు లెక్క చూసుకుంటే డబ్బు పెట్టి కొన్నవారు 214 మంది. దొంగ కాపీ ఆడినవారు కనీసం 3,104 మంది. అంటే నూటికి 93 మందికి పైగా కొనకుండానే ఆడారు. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. దొంగ కాపీ ఆడుతున్నవారిలో కొందరు ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఫిర్యాదులు మొదలుపెట్టారు. ఇంత కష్టపడి ఆట తయారుచేస్తే జనం కొనకుండా దొంగిలిస్తున్నారేమిటని ఒకరు వాపోయారు. ఈ పైరసీ తనను నాశనం చేస్తోందని మరొకరు మొరపెట్టుకున్నారు. ఆటలో కాపీలను అడ్డుకునే తాళమేదైనా కనిపెట్టే వీలుందా అని ఇంకొకరు సలహా అడిగారు. తాము ఆడుతున్నదే దొంగ కాపీ అన్న సంగతి ఆ క్షణంలో వారికి తట్టనే లేదు! ఆ ఫిర్యాదులు చదివి ఆటగాడిగా పగలబడి నవ్వాననీ, ఏడాదికి పైగా జీతం లేకుండా పనిచేసిన డెవలపర్‌గా మాత్రం ఏడవాలనిపించిందనీ పాట్రిక్ క్లూగ్ రాసుకున్నాడు.

బైబిలు చదివేవారికి ఈ సంఘటన వినగానే దావీదు రాజు ఎదుట నిలబడ్డ నాతాను ప్రవక్త గుర్తుకు రాక మానడు. ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించి కూడా దావీదు నిశ్చింతగానే ఉన్నాడు. నాతాను వచ్చి రాజును నేరుగా నిందించలేదు, ఒక కథ చెప్పాడు. ఒక ధనవంతుడు తనకు మందలకు మందలుండగా, ఒక పేదవాడు కూతురిలా పెంచుకున్న ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కుని తన అతిథికి వండిపెట్టాడన్నదే ఆ కథ. అది విన్న దావీదు మండిపడ్డాడు. అలాంటివాడు చావుకు తగినవాడనీ, గొర్రెపిల్లకు నాలుగింతలు చెల్లించాలనీ తీర్పు చెప్పేశాడు. అప్పుడు ప్రవక్త ఆ ధనవంతుడు మరెవరో కాదు, రాజేనని తేల్చిచెప్పాడు.

దావీదుకు న్యాయం తెలియక కాదు, ఆ చట్టం అతనికి కంఠతా వచ్చు. అయితే ఆ న్యాయం ఇతరుల విషయంలోనే అతనికి కనిపించింది, తన విషయంలో కనిపించలేదు. క్లూగ్ సోదరుల దొంగ కాపీ చేసిన పని కూడా సరిగ్గా ఇదే. తీసుకునేవాడిని లేపి, తయారుచేసినవాడి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో కూర్చున్న మరుక్షణం ఎవరూ చెప్పకుండానే, ఏ ప్రసంగమూ వినకుండానే వారందరికీ పైరసీ అన్యాయమని అర్థమైపోయింది. మనస్సాక్షి చచ్చిపోలేదు, అది కూర్చున్న చోటు మారిందంతే.

అయితే ఆ కుర్చీలోనుండి లేచి మళ్లీ మన చోటికి రాగానే మనకు సాకులు దొరుకుతాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించుకోవడం మంచిది.

మొదటి సాకు చాలా తెలివైనది. కాపీ చేస్తే అసలుది అక్కడే ఉంటుంది కదా, మరి అది దొంగతనమెలా అవుతుంది? ఇది చిన్నవాళ్ల మాట మాత్రమే కాదు. 'మైన్‌క్రాఫ్ట్' ఆటను సృష్టించి ప్రపంచ ప్రసిద్ధుడైన మార్కస్ పెర్సన్ 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆటల తయారీదారుల సదస్సులో పైరసీ దొంగతనం కాదని ఇదే వాదన చేశాడు. కారు దొంగిలిస్తే యజమానికి కారు ఉండదు గానీ ఆటను కాపీ చేస్తే లోకంలో మరో ఆట పెరుగుతుందని అతని వాదన. మా సంఘంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక యువకుడు కూడా యువజన కూడికలో ఇదే ప్రశ్న వేశాడు. "అయ్యగారూ, నేనెవరి వస్తువూ తీసుకోలేదు కదండీ?" అన్నాడు. "బాబూ, నెల రోజులు కూర్చుని నువ్వు కోడ్ రాశావు. నెలాఖరున మీ కంపెనీవాళ్లు ఆ కోడ్ కాపీ తీసుకుని, అసలుది నీ దగ్గరే ఉంది కదా, ఇక జీతం దేనికని అడిగితే ఏమంటావు?" అని అడిగాను. అతడు నవ్వేసి, కాసేపు ఆలోచించి, "అది జీతం ఎగ్గొట్టడమండీ" అన్నాడు. అతని ప్రశ్నకు అతనే జవాబు చెప్పుకున్నాడు.

నిజమే, కాపీ చేసినవాడు వస్తువును ఎత్తుకుపోడు. ఆ వస్తువు వెనుక ఉన్న కూలిని ఎగ్గొడతాడు. కూలివాడికి ఇవ్వాల్సిన కూలిని సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యాలని మోషే ధర్మశాస్త్రం శాసించింది. పొలాలు కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు తన పత్రికలో ఎంత కఠినంగా హెచ్చరించాడో మనకు తెలుసు. కోత పొలంలో జరిగినా కంప్యూటర్ ముందు జరిగినా కూలి కూలే. తెలుగు ఇళ్లలో ఎంతమంది పిల్లలు హైదరాబాద్, బెంగళూరు మొదలుకొని అమెరికా దాకా కోడ్ రాసే బతుకుతున్నారో చూస్తే, ఈ విషయం అందరికన్నా మనకే బాగా అర్థం కావాలి.

రెండవ సాకు, పెద్దవాళ్లకు పోయేదేముంది అన్నది. 2025 నవంబరులో 'ఐబొమ్మ' అనే పైరసీ సైటును నడిపాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు, అతణ్ని పేదల పాలిటి దాతగా పొగిడినవారు సామాజిక మాధ్యమాల్లో ఎందరో ఉన్నారు. సినిమా టిక్కెట్ల ధరలమీద ఉన్న కోపం ఆ పొగడ్తల్లో కనిపించింది. ఆ కోపంలో న్యాయం ఉండవచ్చు. కానీ ధర అన్యాయమనుకుంటే కొనకుండా మానెయ్యవచ్చు గానీ, కొనకుండా అనుభవించే హక్కు దానివల్ల రాదు. పైగా ఈ అలవాటు ఒకసారి పట్టుకుంటే అది పెద్దచిన్నలను చూడదు. నూరు కోట్ల సినిమాకూ, ఇద్దరు అన్నదమ్ములు జీతం లేకుండా తయారుచేసిన ఆటకూ టోరెంట్ సైటులో తేడా ఉండదు. నాతాను కథలో మందలున్నవాడు పేదవాడిని దోచుకున్నాడు. పైరసీలో వేలమంది కలిసి ఒకే గొర్రెపిల్ల ఉన్నవాడిని దోచుకోవడం కూడా జరుగుతోంది.

మూడవ సాకు, ధర తక్కువైతే మేమే కొంటాం కదా అన్నది. దీనికి 2010 మే నెలలో ఒక పరీక్ష జరిగింది. కొందరు ఇండీ డెవలపర్లు కలిసి 'హంబుల్ ఇండీ బండిల్' పేరుతో కొన్ని ఆటలను ఒక మూటగా అమ్మకానికి పెట్టారు. ధర ఎంతో కొనేవాడే నిర్ణయించుకోవచ్చు. ఒక్క సెంటు ఇచ్చినా సరే. పైగా ఆ డబ్బులో కొంత భాగాన్ని ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకు సాయపడే స్వచ్ఛంద సంస్థకు ఇచ్చేలా కూడా కొనేవాడే చూసుకోవచ్చు. తాళాలు లేవు, ఆంక్షలు లేవు. అయినా డౌన్‌లోడ్లలో దాదాపు నాలుగో వంతు ఆ ఒక్క సెంటు కూడా కట్టనివేనని నిర్వాహకులు అంచనా వేశారు. అంటే పైరసీకి మూలం జేబులో మాత్రమే లేదు, కొంత హృదయంలో కూడా ఉందన్నమాట. అయితే ఇదే పరీక్షలో మరో సంగతి కూడా బయటపడింది. సెంటుతో సరిపెట్టే అవకాశముండి కూడా వేలాదిమంది మనస్ఫూర్తిగా చెల్లించడంతో ఆ అమ్మకంలో పది లక్షల డాలర్లకు పైగా వసూలైంది. నమ్మితే మోసపోయేది కొంతే, పొందేది ఎంతో ఎక్కువని ఇది రుజువు చేసింది.

ఇంతవరకు తీసుకునేవాడి సాకులు చూశాం. న్యాయంగా మాట్లాడాలంటే రెండోవైపు కూడా చూడాలి. ప్రతి దొంగ కాపీ పోయిన అమ్మకమేనని లెక్కగట్టడం సరికాదు. 'రిఫ్లెక్సివ్' అనే చిన్న ఆటల సంస్థ తమ 'రికోషే ఇన్ఫినిటీ' ఆటలో నూటికి 92 కాపీలు దొంగవేనని గుర్తించి, వాటిని అడ్డుకునే ఏర్పాట్లు చేసింది. తీరా 2008లో వారు చెప్పిన లెక్క ఏమిటంటే, వెయ్యి దొంగ కాపీలను ఆపితే పెరిగే అమ్మకం సుమారు ఒక్కటే! అదే ఏడాది అక్టోబరులో కైల్ గాబ్లర్, రాన్ కార్మెల్ అనే ఇద్దరు మిత్రులు 'వరల్డ్ ఆఫ్ గూ' అనే ఆటను కాపీ నిరోధక తాళమేమీ లేకుండా విడుదల చేశారు. అందులో దొంగ కాపీలు నూటికి 90 దాకా ఉన్నాయని మొదట లెక్కవేసి, తర్వాత ఆ లెక్కను 82కు సవరించుకున్నారు. తాళం వేసిన ఆటకూ వెయ్యని ఆటకూ దోపిడీలో పెద్దగా తేడా లేదని తేలిపోయింది. తాళాల వల్ల ఎక్కువగా ఇబ్బంది పడేది డబ్బు కట్టి కొన్న నిజాయితీపరులే.

ఇంగ్లండులో ఒంటరిగా ఆటలు తయారుచేసే క్లిఫ్ హారిస్ అనే డెవలపర్ 2008 ఆగస్టులో మరో మార్గం తొక్కాడు. నా ఆటలను ఎందుకు దొంగ కాపీ చేస్తున్నారో చెప్పండి, తిట్టను, వింటానని బహిరంగంగా అడిగాడు. వందలాది జవాబులొచ్చాయి. ధర ఎక్కువనీ, తాళాలు విసిగిస్తున్నాయనీ, కొనేముందు రుచి చూడడానికి ఇచ్చే నమూనా మరీ చిన్నదనీ, కొనడంకన్నా కాపీ తెచ్చుకోవడమే తేలికగా ఉందనీ అందులో చాలామంది రాశారు. అతడు విన్నాడు. తాళాలు తీసేశాడు, కొన్ని ఆటల ధర తగ్గించాడు, నమూనాలు పెద్దవి చేస్తానన్నాడు. తనను దోచుకున్నవారి మాటలో కూడా నిజముంటే ఒప్పుకోవడానికి ఎంతో దీనత్వం కావాలి. పాట్రిక్ క్లూగ్ కూడా తన చిన్నతనంలో దొంగ కాపీలు మామూలు విషయంగా ఉండేవని దాచుకోకుండా రాశాడు. నిజంగా కొనుక్కోలేని పేదలతో, చెల్లించే సౌకర్యమే లేనివారితో తనకు తగవు లేదని కూడా స్పష్టం చేశాడు. అతని ఆట కూడా 'గేమ్ డెవ్ స్టోరీ' అనే జపాన్ ఆట స్ఫూర్తితో వచ్చిందేనని విమర్శించినవారు ఉన్నారు. ఆ స్ఫూర్తిని అతడు దాచలేదు. ఒకరి ఆలోచననుండి స్ఫూర్తి పొంది సొంతంగా కష్టపడి తయారుచేయడం వేరు, తయారైనదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోవడం వేరు. కాపీరైట్ చట్టం కూడా ఆ రెండింటికీ తేడా చూపిస్తుంది.

మరి పేదవాడి మాటేమిటి? దీనికి బైబిలులో ఒక అందమైన ఏర్పాటు ఉంది. చేను కోసేటప్పుడు అంచులదాకా కొయ్యవద్దనీ, రాలిన వెన్నులు ఏరవద్దనీ, వాటిని పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ దేవుడు ఇశ్రాయేలు రైతులకు ఆజ్ఞాపించాడు. మోయాబునుండి వచ్చిన రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకునే బతికింది. దారిన పోయేవాడు ఆకలేస్తే పొరుగువాడి చేలో చేత్తో వెన్నులు తుంచుకుని తినవచ్చు గానీ కొడవలి పెట్టకూడదని కూడా ధర్మశాస్త్రం చెప్పింది. పరిగె ఏరుకోవడం వేరు, నిలిచి ఉన్న చేలో కొడవలి పెట్టడం వేరు. పరిగెను విడిచిపెట్టడం రైతు ధర్మం. చేనును గౌరవించడం ఏరుకునేవాడి ధర్మం. రెండూ ఉన్నప్పుడే ఊరు నిలుస్తుంది.

ఇలా పరిగె విడిచిన డెవలపర్లు కూడా ఉన్నారు. పోలండుకు చెందిన ముగ్గురు మిత్రుల 'యాసిడ్ విజార్డ్' బృందం 2017 ఆగస్టులో తమ 'డార్క్‌వుడ్' ఆటను విడుదల చేసింది. నెలాఖరులో బిల్లు చూసి అమ్మానాన్నలు బాధపడతారని ఒక కొనుగోలుదారుడు డబ్బు వాపసు అడగడం వారిని కదిలించింది. ఆ ఆటను టోరెంట్ సైటులో తామే ఉచితంగా పెట్టారు. నచ్చితే, ముందుముందు వీలైతే కొనమని మాత్రమే కోరారు. ఇది వారు ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఈవి. ఇవ్వడం యజమాని హక్కు, లాక్కోవడం ఎవరి హక్కూ కాదు. ఈవిని ఎవరూ దొంగిలించలేరు. దొంగిలించినదాన్ని ఈవి అని పిలవలేం.

మన దేశంలో చట్టమూ స్పష్టంగానే ఉంది. కంప్యూటర్ ప్రోగ్రామ్ దొంగ కాపీ అని తెలిసి తెలిసి వాడితే, 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63-బి సెక్షన్ కింద ఏడు రోజులనుండి మూడేళ్లదాకా జైలు, 50 వేలనుండి 2 లక్షల రూపాయలదాకా జరిమానా పడవచ్చు. అమ్మినవాడికే కాదు, వాడినవాడికి కూడా శిక్ష ఉందన్నమాట. ఇదే చట్టం నిజమైన మతపరమైన ఆరాధనలో పాటలు పాడుకోవడానికి మినహాయింపునిచ్చింది. అయితే ఆ మినహాయింపు పాడుకోవడానికే గానీ పాటల పుస్తకాన్ని జెరాక్స్ తీసి పంచడానికో, చర్చి ఆఫీసు కంప్యూటర్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికో కాదు. "దేవుని పనికే కదా" అన్న మాట మన మధ్య తరచుగా వినిపిస్తుంది. దేవుని పనికి దొంగ సొత్తు అవసరం లేదు. బలిపీఠం మీద పెట్టే గొర్రెపిల్ల కూడా పొరుగువాడిది కాకూడదు.

చట్టానికి భయపడి మానేవాడు పోలీసు కనిపించనంతవరకే మానతాడు. టోరెంట్ సైటు ముందు ఒంటరిగా కూర్చున్న కుర్రవాడిని ఏ పోలీసూ చూడడు, ఏ తాళమూ ఆపదు. అక్కడ పనిచేసేది మనస్సాక్షి ఒక్కటే. అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను ఊరకే తిట్టకండి. ఆ ఆట చివర వచ్చే పేర్లను వారితో కలిసి చదవండి. ఇవి ఎవరి పేర్లో, వీరికి జీతం ఎలా వస్తుందో అడగండి. నువ్వే తయారుచేసి ఉంటే ఏమనుకునేవాడివని అడగండి. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చోబెడితే మిగతా పాఠం వారే నేర్చుకుంటారు. డబ్బు లేకపోతే ఉచితంగా ఇచ్చే మంచి ఆటలు, సాఫ్ట్‌వేర్‌లు ఎన్నో ఉన్నాయి. ధర తగ్గించి అమ్మే రోజులూ ఉంటాయి. ఆగడం నేర్పడం కూడా పెంపకంలో భాగమే.

ఇప్పటికే వాడేసినదాని సంగతేమిటని ఎవరైనా అడిగితే, దానికి జవాబు జక్కయ్య దగ్గర ఉంది. యెరికోలో యేసు తన ఇంటికి వచ్చిన రోజున జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. దావీదు కోపంతో ఎదుటివాడికి విధించిన శిక్షనే జక్కయ్య సంతోషంగా తనకు తానే విధించుకున్నాడు. మనల్ని ఎవరూ నాలుగింతలు అడగడం లేదు. ఇష్టపడి ఆడిన ఆటకు, రోజూ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు, ఆలస్యంగానైనా సరే, దాని ధర ఒక్కసారి చెల్లిస్తే చాలు. ఎక్కడో తన కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక డెవలపర్ లెక్కలో ఆ రోజు 214 పక్కన మరొకటి చేరుతుంది.